మన కంప్యూటర్‌కి ఎన్ని తలుపులు?



వార్షికోత్సవ సంచిక అనగానే విద్య విలువ, క్రమశిక్షణ, బాబాసాహెబ్ ఆశయాలు, తల్లిదండ్రుల కష్టం గురించి రాయడం మన ఆనవాయితీ. అవి రాయవలసినవే. ఈసారి కూడా మనవాళ్ళు చక్కగా రాసే ఉంటారు. మేము మాత్రం స్టడీ హాల్లో మూల బల్ల మీద ఉండే కంప్యూటర్ గురించి నాలుగు మాటలు రాయదలిచాం. "ఇది కంప్యూటర్ గ్రూపు వాళ్ళ గొడవ, మనకెందుకు" అని పేజీ తిప్పెయ్యవద్దని మనవి. బి.ఏ. చదివే తమ్ముడికీ, ఐ.టి.ఐ. చదివే తమ్ముడికీ, ఉద్యోగాల్లో స్థిరపడి హాస్టల్‌కు ఏదైనా చెయ్యాలని తపించే అన్నలకూ ఇందులో పని ఉంది.

మా అభిప్రాయం ముందుగానే చెప్పేస్తాం. హాస్టల్‌కు ఏ కంప్యూటర్ వచ్చినా, అందులో లైనక్స్ వేసిన రోజే, అది నెట్‌వర్క్ వైపు ఎన్ని తలుపులు తెరిచి కూర్చుందో లెక్కబెట్టాలి. ఏ తలుపు ఎవరి కోసమో మనం చెప్పలేకపోతే దాన్ని మూసెయ్యాలి. ఈ పని బయటి నుంచి వచ్చే మెకానిక్ చేతిలో పెట్టకుండా హాస్టల్ విద్యార్థులే నేర్చుకుని చెయ్యాలి. రూపాయి ఖర్చు లేదు. ఒక సాయంత్రం, ఒక నోటు పుస్తకం చాలు.

ఇప్పుడే ఎందుకు?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే భద్రతా సవరణలు ఆగిపోయాయి. విండోస్ 11 వెయ్యాలంటే టి.పి.ఎం. 2.0 అనే భద్రతా చిప్పు, కాస్త కొత్త ప్రాసెసర్ ఉండాలి. అందువల్ల బాగా పనిచేస్తున్న కంప్యూటర్లు కూడా ఆఫీసుల్లో, ఇళ్ళల్లో పక్కన పడుతున్నాయి. "హాస్టల్‌కు ఇస్తాం, తమ్ముళ్ళు వాడుకుంటారు" అని మన పూర్వ విద్యార్థులు చెబుతున్నది ఎక్కువగా ఇలాంటి వాటి గురించే. వాటికి మళ్ళీ ప్రాణం పొయ్యగలిగింది లైనక్స్.

1991లో ఫిన్లాండ్‌లో లినస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ళ విద్యార్థి మొదలుపెట్టిన పని ఇది. కొనుక్కోనక్కర్లేదు, దొంగ కాపీ వేసుకోనక్కర్లేదు. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లలు ఏళ్ళ తరబడి దీని మీదే నేర్చుకుంటున్నారు. చెన్నైలోని సి-డాక్ వారు భారతీయ భాషలతో బాస్ లైనక్స్‌ను 2007లో విడుదల చేశారు. మన తెలుగువాళ్ళ స్వేచ్ఛ సంస్థ తెర మీద తెలుగు కనిపించే లైనక్స్‌ను తయారుచేసింది. కాబట్టి లైనక్స్ వెయ్యాలా వద్దా అన్న చర్చలోకి మేము పోవడం లేదు. వెయ్యాలి.

అయితే లైనక్స్‌తో పాటు ఒక అపోహ కూడా హాస్టల్లోకి వస్తోంది. "లైనక్స్‌కి వైరస్ రాదన్నా, ఇక భయం లేదు" అనే మాట ప్రతి జూనియర్ నోటా వింటున్నాం. విండోస్ కోసం రాసిన వైరస్ లైనక్స్ మీద మామూలుగా పనిచెయ్యదన్నది నిజమే. కానీ తలుపు తీసి పెట్టిన ఇంట్లోకి దొంగ రావడానికి ఆ ఇల్లు ఏ మేస్త్రీ కట్టాడన్నది అడ్డం కాదు కదా!

తలుపు అంటే ఏమిటి?

మనం తెరిచే బ్రౌజర్, లిబ్రె ఆఫీస్ లాంటి ప్రోగ్రాములు కళ్ళకు కనిపిస్తాయి. కనిపించకుండా వెనక నడిచేవి మరికొన్ని ఉంటాయి. వీటిని సర్వీసులు అంటారు. వాటిలో కొన్ని, బయటి నుంచి ఎవరైనా పిలుస్తారేమోనని చెవి ఒగ్గి కూర్చుంటాయి. అలా కూర్చునే చోటికి ఒక నంబరు ఉంటుంది. దాన్నే పోర్టు అంటారు. టి.సి.పి. పద్ధతిలో 65,535, యు.డి.పి. పద్ధతిలో మరో 65,535 నంబర్లు ఉన్నాయి. ఫలానా నంబరు దగ్గర ఏదైనా సర్వీసు కూర్చుని ఉంటే ఆ పోర్టు తెరిచి ఉన్నట్టు. ఎవరూ లేకపోతే ఎంత తట్టినా పలికేవాడు ఉండడు.

బ్యాంకు సర్వర్‌కు, యూనివర్సిటీ ఫలితాల సర్వర్‌కు ఈ తలుపులు కావాలి. వేలమంది వచ్చి తడతారు, వాళ్ళకు జవాబు చెప్పడమే దాని ఉద్యోగం. మన హాల్లో ఉన్నది సర్వర్ కాదు, విడి కంప్యూటర్. ఎదురుగా కుర్చీలో కూర్చున్నవాడికి తప్ప మరెవరికీ అది పనిచెయ్యనక్కర్లేదు. అది బయటకు వెళ్ళి కావలసిన పేజీ తెచ్చుకుంటుంది. వెబ్‌సైటు చూడడానికి, దరఖాస్తు నింపడానికి, మెయిల్ పంపడానికి మన వైపు ఎవరి కోసమూ తలుపు తెరిచి పెట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఈ ఒక్క సంగతి అర్థమైతే మిగతాదంతా సులభం.

మన ఇళ్ళల్లో చాలావాటికి ఒకటే తలుపు. అమ్మా నాన్నా మిరప కోతలకో, పత్తి తీతలకో పొరుగు మండలాలకు వెళ్ళేటప్పుడు ఆ తలుపుకు తాళం వేసి, తాళంచెవి పక్కింటి పిన్నికి ఇచ్చి వెళ్తారు. తన ఇంటికి ఎన్ని తలుపులో, తాళంచెవి ఎవరి దగ్గర ఉందో తెలియని మనిషి మన వాడల్లో ఉండడు. కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం, దానికి ఎన్ని తలుపులున్నాయని అడిగేవాడే లేడు.

మరి ఇవి ఎవరు తెరిచారు? కొన్నిటిని సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్ళే మన సౌకర్యం కోసమని తెరిచి పెడతారు. పక్కన ఉన్న ప్రింటరును దానంతట అదే వెతికి చూపించడం, పక్క కంప్యూటర్‌తో ఫైళ్ళు పంచుకోవడం లాంటివి. మరికొన్నిటిని మనమే తెరుస్తాం. డెబియన్, ఉబుంటు కుటుంబంలోని లైనక్స్‌లలో ఏదైనా సర్వర్ ప్రోగ్రాము వేస్తే, అది మామూలుగా వేసిన నిమిషంలోనే నడవడం మొదలుపెడుతుంది. ఆ తర్వాత కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ దానంతట అదే లేస్తుంది. ప్రాక్టికల్ పరీక్ష కోసం అపాచీ వేసుకున్న సీనియర్ పాసై వెళ్ళిపోతాడు. అపాచీ మాత్రం 80వ నంబరు తలుపు దగ్గర అలాగే కాపలా కాస్తూ ఉంటుంది.

"దోచుకోవడానికి మన దగ్గర ఏముంది?"

ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు. హాస్టల్ కంప్యూటర్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డరు ఒకసారి తెరిచి చూస్తే జవాబు దొరుకుతుంది. ఆధార్ కాపీలు, కుల ధృవీకరణ, ఆదాయ ధృవీకరణ పత్రాలు, పదో తరగతి మెమోలు, బ్యాంకు పాస్‌పుస్తకం మొదటి పేజీలు, ఫోటోలు, సంతకాలు. స్కాలర్‌షిప్పుకు, ప్రవేశ పరీక్షకు, ఉద్యోగ ప్రకటనకు దరఖాస్తు చేసిన ప్రతివాడూ కొన్ని వదిలి వెళ్తాడు. పట్నంలో ఒక ఇంటర్నెట్ సెంటరులో మాకు ముందు వచ్చినవాళ్ళ ఆధార్ కాపీలు తెర మీదే వరసగా పేర్చి ఉండడం చూశాం. మన కంప్యూటర్ అలా ఉండకూడదు.

ఉన్నవాళ్ళ ఇంట్లో ఒక పత్రం పోయినా, ఖాతా చిక్కుల్లో పడినా ఎవరికో ఒక ఫోన్ చేసి సరిచేసుకుంటారు. మన ఇళ్ళల్లో డిగ్రీ పట్టా చేత్తో పట్టుకున్న మొదటి తరం మనమే. మన తరఫున ఫోన్ చేసేవాళ్ళు ఎవరూ లేరు. స్కాలర్‌షిప్పు ఒక విడత ఆగితే ఫీజు ఆగుతుంది, ఫీజు ఆగితే హాల్ టికెట్ దగ్గర ఇబ్బంది. మీసేవ చుట్టూ, బ్యాంకు చుట్టూ తిరగాలంటే నాన్న ఆ రోజు కూలి మానుకోవాలి. అందుకే, పోయేది తక్కువ ఉన్నవాళ్ళకు భద్రత ఎందుకన్న వాదనకు మేము ఒప్పుకోం. తిరిగి సంపాదించుకునే దారి ఎవరికి తక్కువో వాళ్ళకే ఎక్కువ జాగ్రత్త అవసరం.

పైగా దొంగ మనల్ని ఎంచుకుని రానక్కర్లేదు. 2016లో మిరాయి అనే ప్రోగ్రాము ప్రపంచమంతా తిరుగుతూ టెల్‌నెట్ తలుపు తెరిచి ఉన్న కెమెరాలను, రౌటర్లను వెతికింది. ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డు మార్చని ప్రతిదాన్నీ తన బానిసగా చేసుకుంది. అవి చాలావరకు లోపల లైనక్స్ మీద నడిచేవే. అలా పోగైన యంత్రాల గుంపుతో ఆ ఏడాది అక్టోబర్ 21న డిన్ అనే సంస్థ మీద దాడి జరిగితే ట్విట్టర్ లాంటి పెద్ద పెద్ద సైట్లు గంటల తరబడి అందకుండా పోయాయి. తమ ఇంటి కెమెరా అందులో పాల్గొన్నదన్న సంగతి దాని యజమానులకు తెలియనే తెలియదు.

చరిత్ర ఏం చెబుతోంది?

ఇది కొత్త పాఠం కాదు. 1988 నవంబర్ 2న అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం పోస్టు గ్రాడ్యుయేట్ విద్యార్థి రాబర్ట్ మోరిస్ ఒక ప్రోగ్రామును ఇంటర్నెట్‌లోకి వదిలాడు. అతనికి అప్పటికి 23 ఏళ్ళు నిండబోతున్నాయి, ఇంచుమించు మా వయసే. ఆ ప్రోగ్రాము వేల కంప్యూటర్లను కుంగదీసింది. అది దూరిన దారులు చూడండి. ఒకటి ఫింగర్ సర్వీసు. కంప్యూటర్ మీద ఎవరెవరు పనిచేస్తున్నారో అడిగినవాడికల్లా చెప్పడం దాని పని. రెండోది సెండ్‌మెయిల్‌లో తయారీదారులు పరీక్షల కోసం పెట్టుకుని, తర్వాత చాలాచోట్ల మూయకుండా వదిలేసిన సదుపాయం. ఆ రెండూ అన్ని యంత్రాల్లోనూ తెరిచి ఉండవలసిన అవసరం ఏముంది?

లైనక్స్ వంతు 2001 జనవరిలో వచ్చింది. రామెన్ అనే పురుగు రెడ్ హ్యాట్ 6.2, 7.0 వాడే యంత్రాల మీద పడింది. ఫైళ్ళు పంపే ఎఫ్.టి.పి. సర్వీసు, ఫైళ్ళు పంచుకోవడానికి తోడ్పడే ఆర్‌పిసి సర్వీసు, ప్రింటింగ్ సర్వీసు, ఈ మూడిట్లో ఏది దొరికితే దానిలోంచి దూరేది. దూరాక ఆ కన్నాన్ని అదే పూడ్చేది! వేరే దొంగ రాకుండా దొంగకున్న జాగ్రత్త యజమానికి లేకపోయిందన్నమాట.

2017 మే 12న వాన్నాక్రై వచ్చినప్పుడు మేము హైస్కూల్లో ఉన్నాం. అది విండోస్ యంత్రాల్లో ఫైళ్ళు పంచుకునే 445వ పోర్టు గుండా పాకింది. మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. దానికి సవరణను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది. "చూశారా, విండోస్ గతి ఇంతే" అనుకునేలోపే అదే మే నెల 24న లైనక్స్‌లో అదే పనిచేసే సాంబాలో పెద్ద కన్నం బయటపడింది. అది 2010 నుంచీ అందులో ఉంది.

ఇక మన విషయానికి అతి దగ్గరిది 2024 సెప్టెంబర్ నాటిది. లైనక్స్ డెస్క్‌టాపుల్లో కప్స్-బ్రౌజ్డ్ అనే చిన్న సర్వీసు ఉంటుంది. నెట్‌వర్క్‌లో ప్రింటర్లు ఎక్కడున్నాయో వినడం దాని పని. అది 631వ పోర్టు దగ్గర ఎవరు ఏ ప్రింటరు పేరు చెప్పినా నమ్మేస్తుందని సిమోనె మార్గరిటెల్లి అనే పరిశోధకుడు బయటపెట్టాడు. బయటివాడు దొంగ ప్రింటరును చూపించి, మనం దానికి ప్రింట్ ఇచ్చినప్పుడు తన ఆజ్ఞలు మన యంత్రం మీద నడిపించే వీలుందని తేలింది. అప్పుడు లైనక్స్ సంస్థలు ఇచ్చిన సలహాల్లో ముఖ్యమైనది: అవసరం లేకపోతే ఆ సర్వీసును ఆపండి, మళ్ళీ లేవకుండా చెయ్యండి. ముందుగానే ఆపి ఉంచినవాడికి ఆ రోజు కంగారు లేదు.

మేము చెప్పేదీ అదే. ఏ సర్వీసులో రేపు ఏ కన్నం బయటపడుతుందో ఎవరికీ తెలియదు. నడవని సర్వీసులో ఎన్ని కన్నాలున్నా బయటివాడు దాన్ని తట్టలేడు.

ఒక సాయంత్రం పని

ముందు లెక్క. టెర్మినల్ తెరిచి, ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో 'సుడో' అని, ఖాళీ ఇచ్చి 'ఎస్‌ఎస్' అని, మళ్ళీ ఖాళీ ఇచ్చి ఒక అడ్డగీత, దానికి ఆనుకుని టి, యు, ఎల్, ఎన్, పి అనే అయిదు అక్షరాలు కొట్టండి. ఏ పోర్టు దగ్గర ఏ ప్రోగ్రాము కూర్చుందో వరసగా కనిపిస్తుంది. అందులో చిరునామా గడి చూడాలి. 127తో మొదలైతే, లేదా [::1] అని ఉంటే, అది యంత్రం లోపలివాళ్ళు తమలో తాము మాట్లాడుకునే చోటు, బయటివాడికి అందదు. 0.0.0.0 అనో, నక్షత్రం గుర్తో, [::] అనో ఉంటే అది వీధి వైపు తలుపు. మన యంత్రానికి వై-ఫై ఇచ్చిన చిరునామా కనిపించినా అంతే. వీధి వైపువి అన్నీ నోటు పుస్తకంలో రాయండి.

తర్వాత ఒక్కొక్కదానికీ ఒకటే ప్రశ్న: ఇది ఎవరి కోసం?

ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్, 22వ పోర్టు. దూరం నుంచి మన యంత్రంలోకి వచ్చి పనిచెయ్యడానికి. స్టడీ హాలుకు నడిచి వెళ్ళగలిగిన మనకు అక్కర్లేదు, తీసెయ్యవచ్చు. మనం వేరే సర్వర్‌కు వెళ్ళడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ వేరు, దానికి ఇబ్బంది రాదు. 2024 మార్చిలో ఎక్స్‌జడ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌లో ఎవరో దొంగతనంగా పెట్టిన దారిని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు పట్టుకున్నాడు. ఆ దొంగ గురిపెట్టింది ఈ ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌నే.

సాంబా, 139, 445 పోర్టులు. పక్క కంప్యూటర్లతో ఫైళ్ళు పంచుకోవడానికి. పక్క కంప్యూటరే లేనప్పుడు ఎందుకు? పెన్‌డ్రైవ్ ఉంది.

ఆర్‌పిసి బైండ్ 111, ఎన్.ఎఫ్.ఎస్. 2049. పెద్ద ల్యాబుల్లో ఫైళ్ళు పంచుకోవడానికి పనికొచ్చేవి. మనకు అక్కర్లేదు.

అవాహి, 5353. చుట్టుపక్కల యంత్రాలను పేరుతో గుర్తుపట్టి, మన పేరు వాటికి చెప్పేది. తీగతో తగిలించిన ప్రింటరు మాత్రమే ఉన్నచోట మామూలుగా దీనితో పని ఉండదు.

కప్స్, 631. ప్రింటరు ఉంటే ఇది కావాలి. మామూలుగా లోపలి చిరునామా మీదే వింటుంది, ఉండనివ్వండి. దాని తమ్ముడు కప్స్-బ్రౌజ్డ్‌ను మాత్రం ఆపెయ్యండి.

అపాచీ, మైఎస్‌క్యుఎల్. ల్యాబు ప్రాక్టీసుకు కావాలంటే చేసేటప్పుడు లేపుకుని, అయిపోగానే ఆపాలి. ఉబుంటులో మైఎస్‌క్యుఎల్ మొదట లోపలి చిరునామాకే పరిమితమై ఉంటుంది. ఎక్కడో చదివి ఆ గీత మార్చి వీధికి తెరిచినవాళ్ళు ఉంటారు, చూసుకోండి.

టెల్‌నెట్, ఎఫ్.టి.పి. సర్వర్లు కనిపిస్తే ఆలోచన కూడా అనవసరం, తీసెయ్యండి. అవి పాస్‌వర్డును పోస్టుకార్డు మీద రాసినట్టు బాహాటంగా పంపుతాయి.

ఇక మూసే పద్ధతి. 'సిస్టమ్‌సిటిఎల్' అనే కమాండుతో 'స్టాప్' అంటే అప్పటికి ఆగుతుంది. రేపు కంప్యూటర్ ఆన్ చేస్తే మళ్ళీ లేస్తుంది. 'డిజేబుల్' అంటే ఆన్ చేసినప్పుడు లేవదు. రెండూ చెయ్యాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. కప్స్, అవాహి లాంటి వాటికి 'సాకెట్' అనే జత ఉంటుంది. సర్వీసును ఆపినా ఎవరైనా తలుపు తడితే ఆ సాకెట్ దాన్ని నిద్ర లేపుతుంది. కాబట్టి ఆపదలుచుకున్నదానికి సాకెట్ ఉంటే దాన్ని కూడా డిజేబుల్ చెయ్యాలి. మొండిగా లేచేదాన్ని 'మాస్క్' చేస్తే ఎవరు పిలిచినా లేవదు. ఎప్పటికీ అక్కర్లేనిదైతే అసలు ప్రోగ్రామునే తొలగించడం అన్నిటికన్నా మంచిది. తర్వాత కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసి మళ్ళీ లెక్క చూడాలి. పుస్తకంలో కొట్టేసినవి తెర మీద ఇంకా కనిపిస్తే పని పూర్తి కానట్టే.

ఒకేసారి అన్నీ మూసెయ్యకండి. ఒకటి మూసి, నెట్ వస్తోందా, ప్రింటు వస్తోందా చూసి, రెండోదానికి వెళ్ళండి. నెట్‌వర్క్ మేనేజర్, డి-బస్, సిస్టమ్‌డి పేరుతో ఉన్న లోపలి సర్వీసుల జోలికి పోవద్దు. 127.0.0.53 దగ్గర కనిపించేది సైట్ల పేర్లను చిరునామాలుగా మార్చేది. అది ఆగితే బ్రౌజర్‌కు దారి తెలియదు.

కొన్ని సందేహాలు

"విడి కంప్యూటరే కదా, ఎవరు వస్తారు?" అని కొందరంటారు. అది విడిగా ఉన్నా ఒంటరిగా లేదు. మన ఫోన్ హాట్‌స్పాట్‌కు, హాస్టల్ వై-ఫైకి తగిలించినప్పుడల్లా అదే నెట్‌వర్క్‌లో ఉన్న ప్రతి ఫోనూ, ప్రతి ల్యాప్‌టాపూ దాని పొరుగిల్లే. ఆ పొరుగున ఉన్న ఒక్క ఫోన్‌లో చెడ్డ యాప్ ఉంటే చాలు.

"ఫైర్‌వాల్ పెడితే సరిపోదా?" అని మరికొందరు. పెట్టాల్సిందే. ఉబుంటులో యు.ఎఫ్.డబ్ల్యు. అనే ఫైర్‌వాల్ ఉంటుంది గానీ మామూలుగా ఆపి ఉంటుంది. దాన్ని లేపి, బయటి నుంచి వచ్చేవన్నీ వద్దు, లోపలి నుంచి వెళ్ళేవి సరే అని చెప్పడానికి మూడు కమాండ్లు చాలు. కానీ అది ప్రహరీ గోడ లాంటిది. ఎవరో ఒక ఆటకోసమో, ఒక యాప్ కోసమో దాన్ని ఆపి మళ్ళీ లేపడం మరచిపోతే, ఇంటి తలుపు వేసి ఉన్నవాడే బతికిపోతాడు. రెండూ కావాలి, ముందు తలుపు.

"కంపెనీ వాళ్ళు ఇచ్చినదాన్ని కదిలించే అర్హత మనకుందా?" ఈ భయం మాకు బాగా తెలుసు. డిగ్రీలో చేరేదాకా మౌస్ పట్టని వాళ్ళం మేము. కానీ ఇది ఎక్కడో చాటుగా చేసే పని కాదు. ఉబుంటు తయారీదారులు తమ కొత్త డెస్క్‌టాప్‌లో బయటికి తెరిచిన పోర్టులు ఉండరాదన్న నియమం, కొన్ని మినహాయింపులతో, తామే పెట్టుకున్నారు. వాళ్ళు మొదలుపెట్టిన పనినే మనం మన అవసరం మేరకు పూర్తిచేస్తున్నాం.

దీనితో అన్నీ అయిపోయాయని మేము చెప్పడం లేదు. వచ్చిన ఓ.టి.పి.ని ఫోన్‌లో ఎవడికో చెప్పేస్తే ఏ పోర్టు మూసినా లాభం లేదు. దొంగ లింకు నొక్కితే మనమే లోపలి నుంచి తలుపు తీసినట్టు. అప్‌డేట్లు వారం వారం వేస్తూనే ఉండాలి. సుడో అధికారం ఇద్దరి దగ్గరే ఉండాలి, మిగతావారు మామూలు లాగిన్‌తో పనిచేసుకోవాలి. పని అయ్యాక తమ పత్రాలు తామే చెరిపి వెళ్ళాలి. ఇవన్నీ ఒక ఎత్తు. అయితే అక్కర్లేని సర్వీసులు మూసి ఉంచడం ఒకసారి చేస్తే రోజూ మనకు కాపలా కాసే పని.

చీరాల మనకు నేర్పింది

మనం ఉంటున్న ఊరి చరిత్ర ఒకటి గుర్తుచేస్తాం. 1919లో చీరాల, పేరాలను కలిపి మునిసిపాలిటీ చేశారు. జనం అడిగింది కాదు. పన్నుల భారం మాత్రం జనం మీద పడింది. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వంలో వేలమంది ఇళ్ళు వదిలి ఊరి బయట రామనగర్ కట్టుకుని పదకొండు నెలలు ఎండకూ వానకూ ఓర్చుకున్నారు. ఆ త్యాగంతో మన చిన్న పనిని పోల్చడం మా ఉద్దేశం కాదు. కానీ వాళ్ళు వేసిన ప్రశ్న ఇప్పటికీ పనికొస్తుంది. మేము అడగని సేవ ఎవరి కోసం, దాని భారం మేమెందుకు మొయ్యాలి? మన కంప్యూటర్‌లో నడిచే ప్రతి సర్వీసునూ ఈ ప్రశ్న అడిగే హక్కు మనకుంది.

ఈ సంచిక ద్వారా మూడు విజ్ఞప్తులు చేస్తున్నాం. కంప్యూటర్ ఇచ్చే అన్నలు దానితో పాటు ఒక ఆదివారం కూడా ఇవ్వండి; వచ్చి తమ్ముళ్ళతో కూర్చుని ఆ లెక్క చేయించండి. మీరు చేసి పెట్టి వెళ్ళవద్దు, వాళ్ళ చేత్తో చేయించండి. వార్డెన్ గారు ప్రతి ఏడూ ఇద్దరు విద్యార్థులను ఈ బాధ్యతకు నియమించాలి. వాళ్ళు వెళ్ళేముందు తర్వాతి ఇద్దరికీ నేర్పి వెళ్ళాలి. ఇక తమ్ముళ్ళకు: కంప్యూటర్ పక్కన దారం కట్టి ఒక నోటు పుస్తకం వేలాడదియ్యండి. ఏ సర్వీసు నడుస్తోంది, ఎందుకు, ఎవరు తెరిచారు, ఏ తేదీన మూశారు అన్నది తెలుగులోనే రాయండి. నెలకొకసారి లెక్క మళ్ళీ చూసి సంతకం పెట్టండి. మెస్ రిజిస్టరు ఎంత జాగ్రత్తగా చూస్తామో ఇదీ అంతే.

మన ముందు తరానికి ఎన్నో తలుపులు మూసి ఉండేవి, వాటిని తెరవడానికి వాళ్ళ జీవితాలు సరిపోయాయి. చదువు పుణ్యమా అని ఇవాళ ఏ తలుపు తెరవాలో, ఏ తలుపు మూయాలో నిర్ణయించుకునే చోట మనం కూర్చున్నాం. ఆ నిర్ణయం తెలియక ఇంకొకరికి వదిలెయ్యకుండా, తెలుసుకుని మనమే తీసుకుందాం. వచ్చే వార్షికోత్సవానికి బొమ్మలు, చార్టులతో పాటు ఆ నోటు పుస్తకం కూడా ప్రదర్శనలో ఉంటుందని ఆశిస్తున్నాం.

— ఎం.సి.ఏ. విద్యార్థి, ఈ హాస్టల్ పూర్వ విద్యార్థి